వారం, వర్జ్యం, ఒక గైడుబుక్కు

మా నాన్నగారికి ఊరు దాటే పని పడితే ముందుగా పంచాంగం బయటికి వచ్చేది. తిథి, వారం, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ చూసుకుని, వేళ్ళమీద లెక్కవేసుకుని, ఏ వారం ఏ దిక్కుకు శూల ఉందో సరిచూసుకున్న తరువాత గాని ఆయన చెప్పుల్లో కాలు పెట్టేవారు కాదు. రాజమండ్రి నుంచి కాకినాడ వెళ్ళిరావడానికి ఇంత తతంగమా అని కాలేజీ రోజుల్లో నేను నవ్వేవాణ్ణి. సోమవారంనాడు తూర్పుకు శూల. కాకినాడ మాకు తూర్పున ఉంది. కనుక సోమవారం పనులన్నీ మంగళవారానికి వాయిదా పడేవి. నా నవ్వు చూసి ఆయన ఏమీ అనేవారు కాదు, పంచాంగం మూసి మళ్ళీ గూట్లో పెట్టేవారు.

ఆ నవ్వుకు శాస్తి నాకు 2009 మే నెలలో, ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో, ఒక సోమవారం ఉదయం జరిగింది.

విదేశయాత్రలో గైడుబుక్కు ఎంతవరకు ఉపయోగపడుతుందని ఈమధ్య ఒక మిత్రుడు అడిగాడు. కూతురి దగ్గరికి వెళుతూ పనిలోపనిగా ఐరోపా కూడా చూసిరావాలని దంపతుల ఆలోచన. ఫోనులో సమస్తం ఉండగా అంత లావు పుస్తకం మోసుకు తిరగడం ఎందుకని అతని సందేహం. ఒక్కమాటలో చెప్పలేక, తీరికగా ఇంటికి రమ్మన్నాను. అతను వచ్చేలోగా నాకు తెలిసినదేమిటో నేను ఒకసారి తేల్చుకుందామని ఇది రాస్తున్నాను.

మా అబ్బాయి అప్పట్లో మ్యూనిక్ నగరంలో ఉద్యోగం చేసేవాడు. నేను బ్యాంకులో పదవీవిరమణ చేసిన ఏడాది, మా ఆవిడ బడికి వేసవి సెలవులు ఇవ్వగానే, ఇద్దరం వాడి దగ్గరికి వెళ్ళాం. మా ఆవిడ డ్రాయింగు టీచరు. ముప్ఫయ్యేళ్ళు పిల్లలచేత కూజాలు, మామిడిపిందెలు, గోదావరిమీద తెరచాప పడవలు గీయించిన మనిషి. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారి చెయ్యి పట్టుకుని రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్ళేదట. ముప్ఫయ్యేళ్ళు నిండకుండానే 1925లో కన్నుమూసిన ఆ చిత్రకారుడి పటాలను అసలు రూపంలో చూడగలగడం మా ఊరివాళ్ళ భాగ్యమనీ, తక్కిన ప్రపంచంలోని బొమ్మలన్నీ మనం అచ్చులో చూసి చూశామనుకుంటున్నామనీ తను తరచు అనేది. అచ్చులో రంగు సరిగ్గా తెలియదు. అంతకన్నా ముఖ్యం, కొలత తెలియదు. అరచేతిలో ఇమిడే అచ్చుబొమ్మకు అసలు పటం గోడంత ఉండవచ్చు, గోడంత అనుకున్నది పలకంతే ఉండవచ్చు.

బొతిచెల్లి గీసిన 'వీనస్ జననం' పటాన్ని తను ఏదో పాత వారపత్రికలోంచి కత్తిరించి, బడిలో రంగుపెట్టెలు దాచే బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకుంది. సముద్రంమీద పెద్ద ఆల్చిప్పలో నిలబడి ఒడ్డుకు తేలివచ్చే దేవత బొమ్మ అది. పిల్లలకు కనబడేలా అంటిస్తే హెడ్మాస్టరుగారు ఒప్పుకోరు కనుక లోపలివైపు. "ఎంత ఉంటుందండీ ఇది అసలు?" అని ఏళ్ళతరబడి నన్ను అడిగింది, బ్యాంకు ఉద్యోగికి తెలియనిది ఉండదన్నట్టు. అది ఫ్లోరెన్సులో ఉఫీజీ చిత్రశాలలో ఉందని మాత్రం ఇద్దరికీ తెలుసు.

అబ్బాయికి సెలవు దొరకలేదు. మా ఇద్దరికీ రోముకు రానూపోనూ విమానం టిక్కెట్లు కొని, తన గదిలో ఉండే స్నేహితుడి నుంచి ఒక గైడుబుక్కు అడిగి తెచ్చాడు. తొమ్మిది వందల పైచిలుకు పేజీలు, ఉల్లిపొరలాంటి కాగితం, చీమతలకాయలంత అక్షరాలు. "నాన్నా, అన్నీ ఇందులో ఉన్నాయి. కంగారు పడకండి" అన్నాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. అన్నీ అందులో ఉన్నాయి.

మ్యూనిక్‌లో ఉన్న మూడు వారాలూ నేను ఆ పుస్తకాన్ని పారాయణం చేశాను. అయితే ఇక్కడ ఒక తేడా చెప్పాలి. ఏ గైడుబుక్కులోనైనా రెండు రకాల సంగతులు ఉంటాయి. ఒకటి స్థలపురాణం: ఎవరు కట్టించారు, ఎవరు పడగొట్టారు, ఏ రాజు ఏ తమ్ముణ్ణి చంపించాడు అన్న వరస. రెండవది మజిలీ వివరాలు: ఎప్పుడు తెరుస్తారు, ఎంత తీసుకుంటారు, ఏ బండి ఎక్కాలి, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి. నేను చదివింది స్థలపురాణం. మెదిచి వంశంవారు వడ్డీవ్యాపారం నుంచి రాజ్యాధికారం దాకా ఎలా ఎదిగారో, ఒక బ్యాంకు ఉద్యోగికి ఉండదగిన శ్రద్ధతో, కంఠతా పట్టాను. ఉఫీజీ భవనాన్ని 1560లో వసారి అనే శిల్పి మొదలుపెట్టాడనీ, అది కట్టింది బొమ్మలకోసం కాదు ప్రభుత్వ కచేరీలకోసమనీ, ఆ పేరుకు అర్థమే ఆఫీసులనీ తెలుసుకుని మా ఆవిడకు చెప్పాను. మజిలీ వివరాలు అక్కడికి వెళ్ళాక చూసుకోవచ్చులెమ్మనుకున్నాను.

మన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఈ విషయంలో నాకంటె ఎంతో తెలివైనవారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830లో కాశీకి బయల్దేరి మరుసటి ఏడు తిరిగివచ్చారు. ఆ వృత్తాంతం 'కాశీయాత్ర చరిత్ర' పేరున 1838లో అచ్చయింది. దాన్ని మనం యాత్రాసాహిత్యంగా చదువుతాం గాని, సగానికి సగం అది గైడుబుక్కే. ఏ ఊరికి ఎన్ని కోసులు, దారి రాతినేలా రేగడా, అంగళ్ళలో ఏమి దొరుకుతాయి, దిగడానికి వసతి ఉందా లేదా అని ఊరూరా రాసుకుంటూ పోయారు. మాహాత్మ్యాలు కూడా రాశారు, కాని నీళ్ళసంగతి మరిచిపోలేదు. తన వెనక రాబోయే మనిషిని తలుచుకుంటూ రాసిన పుస్తకం అది.

ఐరోపాలో ఇలాంటి పుస్తకాలు వ్యాపారంగా స్థిరపడింది కూడా ఇంచుమించు అదే కాలంలో. లండనులో జాన్ మర్రే 1836లో మొదటి హ్యాండ్‌బుక్కు వేశాడు. జర్మనీలో కార్ల్ బేడెకర్ ఎర్ర అట్టల పుస్తకాలు వెలువరించి, తప్పక చూడవలసినవాటి పక్కన నక్షత్రం గుర్తు పెట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ నక్షత్రాల జాతకం కూడా విచిత్రమైనది. 1942లో జర్మన్ విమానాలు ఎక్సెటర్, బాత్, నార్విచ్, యార్క్, కాంటర్‌బరీ వంటి ఇంగ్లండులోని పురాతన నగరాలమీద బాంబులు వేస్తే, ఆ దాడులకు బేడెకర్ దాడులన్న పేరే నిలిచిపోయింది. ఏది చూడదగినదో చెప్పే పట్టిక ఏది కూల్చదగినదో చెప్పే పట్టికగా కూడా పనికి వచ్చిందన్నమాట. మరుసటి ఏడాది డిసెంబరులో లైప్‌జిగ్ మీద జరిగిన బాంబు దాడిలో బేడెకర్ సంస్థ భవనమూ బూడిదైంది.

దారి తప్పాను. రోముకు వస్తాను.

రోములో ఆ పుస్తకం మాకు నిజంగా చేతికర్ర అయింది. వీధుల్లో నిరంతరం పారే ఇనుప కొళాయిల నీళ్ళు నిర్భయంగా తాగవచ్చని అది చెబితేనే మాకు తెలిసింది. సీసా నీళ్ళకు యూరోలు పోసే అవస్థ తప్పింది. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుని తాగితే ఇంకో ధర అని చెప్పింది. మేం రాజమండ్రిలోనూ నిలబడి తాగేవాళ్ళమే. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలని ఒక పేజీ నిండా హెచ్చరికలు ఉన్నాయి. సెయింట్ పీటర్స్ గుమ్మం దగ్గర పొట్టిలాగుల పిల్లలు తువ్వాళ్ళు చుట్టుకునే హడావుడిలో ఉండగా, మా ఆవిడ పమిట కొంగు భుజాల చుట్టూ తిప్పుకుని హుందాగా లోపలికి నడిచింది.

అన్నిటికన్నా గుర్తుండిపోయింది సాన్ లుయీజీ చర్చి. ఫ్రెంచివాళ్ళ చర్చి అది. ఒక మూల చిన్న మందిరంలో కారవాజియో గీసిన మూడు పటాలు ఉన్నాయి. మందిరం చీకటిగా ఉంటుందనీ, పక్కనున్న పెట్టెలో నాణెం వేస్తే కొద్దిసేపు దీపం వెలుగుతుందనీ, చిల్లర దగ్గర ఉంచుకోమనీ పుస్తకంలో ఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యంకోసం నేను పొద్దుటినుంచి జేబులో చిల్లర కూడబెట్టాను. దీపం వెలిగింది. సుంకం వసూలు చేసే మాథ్యూని యేసు వేలెత్తి పిలుస్తున్న పటం ఎడమగోడమీద కనబడింది. బొమ్మలోని వెలుతురు ఏ వైపునుంచి పడుతోందో, మందిరంలోని అసలు కిటికీ కూడా ఆ వైపే ఉందని మా ఆవిడ పట్టేసింది. అది పుస్తకంలో లేదు. దీపం ఆరింది. నేను మళ్ళీ నాణెం తీస్తుంటే, "ఉండండి, చీకట్లో కూడా చూడనివ్వండి" అంది. నాలుగు నాణేలు అయ్యేదాకా అక్కడినుంచి కదలలేదు. ఆ ఒక్క వాక్యం లేకపోతే మేం ఆ చర్చి ముందునుంచే ఐస్‌క్రీం తింటూ వెళ్ళిపోయేవాళ్ళం.

ఆదివారం మధ్యాహ్నం రోమునుంచి ఫ్లోరెన్సుకు రైలెక్కాం. వేగంగా పోయే రైలు గంటన్నరలో చేరుస్తుంది. మేం ఎక్కింది ఊరూరా ఆగే బండి, ధరలో సగానికి పైగా ఆదా. ఈ బండ్ల టిక్కెట్టు కొంటే చాలదు, ఎక్కేముందు ప్లాట్‌ఫారంమీద పసుపుపచ్చ పెట్టెలో దూర్చి తేదీ ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా తప్పదని పుస్తకం మొత్తుకుంది. వేయించాం. మా ఎదుటి సీట్లలో ఇద్దరు అమెరికన్ కుర్రాళ్ళు ఆ సంగతి తెలియక దొరికిపోయారు. చెకింగు ఆయన వాళ్ళచేత జరిమానా కట్టిస్తుంటే నేను ముద్ర పడిన మా టిక్కెట్లు చూపించి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మా ఆవిడవైపు ఒక చూపు చూశాను. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా కార్యక్రమం ఇది: ఆదివారం రాత్రికి ఫ్లోరెన్సు చేరడం, సోమవారమంతా ఊరు చూడడం, మంగళవారం ఉదయం బయల్దేరి రోములో మధ్యాహ్నం విమానం అందుకోవడం. ఉఫీజీకి ముందుగా సీటు రిజర్వు చేసుకోమని పుస్తకం సలహా ఇచ్చింది. దానికి మనిషికి కొన్ని యూరోలు అదనం. ఎందుకు దండగ, తెల్లవారకముందే వెళ్ళి వరుసలో మొదట నిలబడదాం, తిరుపతిలో నిలబడలేదా అన్నాను.

సోమవారం ఆరున్నరకల్లా అక్కడ ఉన్నాం. రెండు బారుల భవనాల మధ్య పొడవాటి వాకిలి, చివర నది. స్తంభాల గూళ్ళలో దాంతే, మికెలాంజిలో, గెలీలియో, మాకియవెల్లీల విగ్రహాలు. మనుష్య సంచారం లేదు. మేమే మొదటివాళ్ళమని నాకు ఎంత సంతోషమో! తలుపు ముందు ఇద్దరం సరిగ్గా వరుసగా నిలబడ్డాం, ఆవిడ ముందు, నేను వెనక. ఏడయింది. ఏడున్నర అయింది. మా వెనక ఎవరూ చేరలేదు. ఈ ఊరివాళ్ళకు పెందలాడే లేచే అలవాటు లేదు కాబోలు అన్నాను. మ్యూనిక్‌నుంచి తెచ్చుకున్న రొట్టె, ఆవకాయ సంచిలోనే ఉన్నాయి. పటం చూశాక తిందామంది.

ఎనిమిదింపావు అయింది. తలుపు తెరుచుకోలేదు. వాకిలి ఊడ్చే బండితో ఒకాయన వచ్చి, మమ్మల్ని చూసి, చీర వంక కొంచెంసేపు చూసి, "లునేదీ" అన్నాడు. అర్థం కాలేదు. రెండు చేతులూ తలుపులు మూసినట్టు కలిపి చూపించి మళ్ళీ "లునేదీ" అన్నాడు. లూనా అంటే చంద్రుడు. చంద్రుడి వారం. మన సోమవారమే.

పుస్తకం తీశాను. ఉఫీజీకి ఏడు పేజీలు కేటాయించాడు. వాటిలో ఆరున్నర పేజీలు నాకు నోటికి వచ్చు. మొదటి పేజీ పైభాగాన, చిరునామా పక్కన, ఫోను నంబరు తరువాత, అక్షరాలు మరీ సన్నమైన చోట, ఎనిమిదింపావు నుంచి ఏడుకు పదినిమిషాల ముందుదాకా అని వేళలు, వాటి పక్కన 'మంగళ–ఆది' అని ఉంది. సోమవారం సెలవు అని రాయలేదు. మంగళవారం నుంచి ఆదివారం వరకు అని రాశాడు. ఆ గీతకు ఆవలిపక్క మిగిలిపోయిన ఒకే ఒక్క రోజును మనం వెతికి పట్టుకోవాలి. ఆ వరసమీద నా కళ్ళు పది సార్లయినా తిరిగి ఉంటాయి.

మా ఆవిడ పుస్తకం అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, ఆ వరస చదివింది. "రాశాడుగా" అంది. అంతే. ఇంకే మాటా అనలేదు. అనిఉంటే నాకు తేలికగా ఉండేది.

మెట్లమీద కూర్చుని ఆవకాయతో రొట్టె తిన్నాం. మికెలాంజిలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియాకూ ఆ రోజు సెలవే. పక్క కూడలిలో రాజభవనం ముందు దాని నకలు నిలబడి ఉంది, దాన్నే చూశాం. అసలుది 1873దాకా ఆ చోటే ఉండేదట. ఎండ వానల్లో పాడవుతోందని లోపలికి మార్చారు. నకలును చూస్తూ తను నవ్వింది. "దీని కొలతయినా సరిగ్గా ఉంటుందిలెండి" అంది.

తరువాత సాంతా క్రోచె చర్చికి నడిచాం. పది నిమిషాల దూరం. ఈ చర్చికీ గైడుబుక్కులకూ సాహిత్యంలో ఒక బంధుత్వం ఉంది. ఇ. ఎమ్. ఫార్‌స్టర్ 1908లో రాసిన 'ఎ రూమ్ విత్ ఎ వ్యూ' నవలలో లూసీ అనే అమ్మాయి చేతిలో బేడెకర్ పుస్తకం లేకుండా ఇదే చర్చిలో చిక్కుకుపోతుంది. రెండవ అధ్యాయానికి పేరే అది. వెంట వచ్చిన ఒక రచయిత్రి, పుస్తకం చూసి తిరగడం తప్పని బోధించి, ఆ పుస్తకాన్ని తనే పట్టుకుపోతుంది. లోపల ఏ సమాధి గొప్పదో, ఏ గోడ చూసి మెచ్చుకోవాలో చెప్పే దిక్కులేక ఆ పిల్ల పడే అవస్థ తమాషాగా ఉంటుంది. నాది సరిగ్గా ఎదురు పరిస్థితి. నా చేతిలో పుస్తకం ఉంది, నోట్లో మాట లేదు.

లోపల మికెలాంజిలో, గెలీలియో, మాకియవెల్లీల సమాధులు ఉన్నాయి. దాంతేకీ ఒక పెద్ద సమాధి ఉంది గాని అది ఖాళీ. ఆయన్ని వెళ్ళగొట్టిన ఊరు ఇది, ఆయన అస్థికలు రవెన్నాలోనే ఉన్నాయి. ఇవన్నీ చదివి వినిపిస్తూ నేను పొద్దుటి అపరాధాన్ని కొంత కడుక్కోవాలని చూశాను. బలిపీఠానికి కుడిపక్కన బార్ది, పెరూజ్జీ అనే బ్యాంకర్ల కుటుంబాలవాళ్ళ రెండు చిన్న మందిరాలు ఉన్నాయి. గోడలమీద సుమారు 700 ఏళ్ళ కిందట జొత్తో వేసిన చిత్రాలు. నేను పేజీ తిప్పి గొంతు సవరించుకున్నాను.

"కాసేపు చదవకండి" అంది మా ఆవిడ.

పుస్తకం మూశాను. సెయింట్ ఫ్రాన్సిస్ చనిపోయి పడుకుని ఉన్నాడు. చుట్టూ శిష్యులు. కొందరు చేతులు పట్టుకుని, కొందరు పాదాలదగ్గర వంగి ఏడుస్తున్నారు. ఒక్కడుమాత్రం తలెత్తి పైకి చూస్తున్నాడు, అక్కడ దేవదూతలు ఆయన ఆత్మను మోసుకుపోతున్నారు. గోడ మధ్యలో బొమ్మలేదు. ఎవరో కావాలని కోసి తీసేసినట్టు, గుడిగోపురం అంచులాంటి ఆకారంలో ఉత్త గోడ. తను ఆ ఖాళీని చాలాసేపు చూసింది. లేపాక్షి కప్పుమీద రంగు రాలిన చోట్ల కూడా బొమ్మ ఎలా సాగి ఉంటుందో ఊహించుకుంటూ ఇలాగే నిలబడడం నాకు గుర్తుంది. కాని లేపాక్షిలో రంగు కాలంతో రాలింది, ఇక్కడ అంచులు తిన్నగా ఉన్నాయి.

పావుగంట తరువాత, "ఇప్పుడు చదవండి, ఈ ఖాళీ ఏమిటో" అంది.

చదివాను. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ బొమ్మలు పాతబడ్డాయని గోడలకు వెల్లవేసేశారు. ఆ వెల్లమీద సమాధి కట్టడాలు అతికించారు. పందొమ్మిదో శతాబ్దం నడుమ ఎవరో గీకి చూస్తే అడుగున జొత్తో బయటపడ్డాడు. సమాధులు ఊడదీసిన చోట గోడ పోయింది. అప్పటి చిత్రకారులు ఆ ఖాళీలను తమ చేతివాటంతో నింపేస్తే, ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని తుడిచేసి ఖాళీని ఖాళీగానే వదిలారు. పక్క మందిరంలో బొమ్మలు మరీ వెలిసిపోవడానికి కారణం, వాటిని తడి సున్నంమీద కాక ఆరిన గోడమీద వేయడం. "అదీ సంగతి. నేనూ అదే అనుకుంటున్నాను, రంగు పట్టలేదేమిటా అని" అంది. పొద్దుటినుంచి మొదటిసారి తన గొంతు మామూలుగా వినబడింది.

పుస్తకంతో నేను ఎలా నడుచుకోవాలో ఆ పావుగంటలో తను నేర్పింది. స్థలపురాణం చూసినతరువాత చదవాలి, మజిలీ వివరాలు బయల్దేరకముందు చదవాలి. నేను ఆ రెంటినీ తిరగేశాను. ముందే చదివిన పురాణం కళ్ళకు అడ్డం పడుతుంది. మెచ్చుకోవలసినదేదో తెలిసిపోయాక మెచ్చుకోవడం తప్ప పని ఉండదు. చూసి, తికమకపడి, ఇదేమిటని అడిగినప్పుడు అవే ఆరు వాక్యాలు అమృతంలా ఉంటాయి.

బయటికి వచ్చాక ఒక గోడమీద చాలా ఎత్తున చిన్న పలక కనబడింది. 1966 నవంబరు 4న ఆర్నో నది వరద అంత ఎత్తుకు వచ్చిందట. ఈ చర్చిలోనే చిమబూయె గీసిన పెద్ద శిలువ పటం ఆ నీళ్ళలో నాని చాలావరకు రంగు పోగొట్టుకుంది. 1986 గోదావరి వరదలు చూసినవాళ్ళం, పలకకేసి తలలెత్తి కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. దీనికి పుస్తకం అవసరం పడలేదు.

ఆ రాత్రి జరిగినది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. గదిలో సామాను సర్దుతూ తను అడిగింది. "రేపు పొద్దున్నే ఆరింటికి వెళ్ళి మొదట నిలబడదామా? తెరవగానే అదొక్కటే చూసి వచ్చేస్తాను. తొమ్మిదికి బయటపడితే గంటన్నర రైలు అందుతుంది కదా. విమానం మూడింటికి." లెక్క సరిగ్గానే ఉంది. నేను పుస్తకం తీశాను. వేసవిలో ఉఫీజీ వరుసలో గంటలతరబడి నిలబడవలసి వస్తుందని ఉంది. విమానాశ్రయానికి రెండు గంటల ముందు చేరాలని ఉంది. రైళ్ళు ఆలస్యం కావచ్చని ఉంది. ముందురోజు ఒక్క గీత పట్టించుకోనివాణ్ణి, ఆ రాత్రి ప్రతి హెచ్చరికా చదివి వినిపించాను. రెండు టిక్కెట్లు పోతే అబ్బాయికి భారం అన్నాను. తను సరే అంది. మరునాడు ఉదయం ఏడు గంటలకే రైలెక్కి, పదకొండు కాకముందే విమానాశ్రయంలో కూర్చున్నాం. విమానం నాలుగు గంటల దూరంలో ఉంది. ఆ నాలుగు గంటలూ నేను తన ముఖంవంక చూడలేదు.

ఆ తప్పు పుస్తకానిది కాదు. మొదటిరోజు దాన్ని నేను నమ్మవలసిన చోట నమ్మలేదు, రెండోరోజు నా పిరికితనానికి దాన్ని సాక్ష్యం తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఫోను వచ్చింది. ఫలానా చోటు ఈ రోజు మూసి ఉందని ఎర్ర అక్షరాలతో చెబుతుంది, రిజర్వేషను అక్కడే అయిపోతుంది. ఆ రోజు నా దగ్గర అది ఉంటే మా ఆవిడ ఆ పటం చూసి ఉండేది, సందేహం లేదు. మారిపోయే సంగతులకు అచ్చు పుస్తకం ఎప్పుడూ పాతదే. మేము వెళ్ళినప్పుడే అందులో మెచ్చుకున్న ఒక భోజనశాల స్థానంలో చెప్పుల దుకాణం ఉంది. అయితే ఫోను మనం అడిగినదానికి జవాబు చెబుతుంది. చీకటి మందిరంలో దీపానికి చిల్లర దగ్గర ఉంచుకోవాలా అని అడగాలని మాకు ఎలా తోస్తుంది? సాన్ లుయీజీ పేరే తెలియని వాళ్ళం. పుస్తకం అడగనివి కూడా చెబుతుంది, పక్క పేజీలో ఉన్న పాపానికి. కనుక మిత్రుడికి నా సలహా, రెండూ పట్టుకెళ్ళమని. పుస్తకం బరువనిపిస్తే వెళ్ళే ఊళ్ళ పేజీలు చింపి తీసుకెళ్ళమంటాను, పుస్తకం సొంతమైతేనే సుమా. వాళ్ళావిడ ఏది చూడాలనుకుంటోందో ముందు ఆమెను అడిగి, దాని సెలవురోజు కాగితంమీద పెద్ద అక్షరాలతో రాసుకోమంటాను.

మేం మళ్ళీ ఇటలీ వెళ్ళలేదు. మరుసటి ఏడు అబ్బాయి హైదరాబాదు వచ్చేశాడు. తరువాత నా మోకాళ్ళు, తన కంటి ఆపరేషను, ఏదో ఒకటి.

ఆ సోమవారం మధ్యాహ్నం మా ఆవిడ చర్చి దగ్గర దుకాణంలో ఉఫీజీ చిత్రాల చిన్న పుస్తకం ఒకటి కొనుక్కుంది. అందులో ప్రతి బొమ్మ కిందా కొలతలు ఉన్నాయి. మా గైడుబుక్కు ఏడు పేజీల్లో ఎక్కడా ఇవ్వనిది అదే. రాజమండ్రి చేరిన వారంరోజులకు, కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి, నన్ను ఒక కొస పట్టుకోమని, పడకగది గోడమీద పెన్సిలుతో నాలుగు మూలలా గుర్తులు పెట్టింది. ఎత్తు 172న్నర సెంటీమీటర్లు, వెడల్పు 278న్నర. వెనక్కి నడిచి మంచానికి ఆనుకుని నిలబడి చూసింది. "ఇంత ఉంటుందా!" అంది.

ఇంటికి సున్నాలు వేయించినప్పుడల్లా ఆ గుర్తులు పోతాయి. సున్నం ఆరాక తను మళ్ళీ టేపు తెమ్మంటుంది.